తిట్లలో గట్టి గింజ ఎంత?

ప్రశ్న: మిర్యాలగూడ దగ్గర ఒక రైస్ మిల్లులో అకౌంట్స్ రాస్తాను. పైన ఉన్న సీనియర్ ప్రతిదానికీ నన్నే అంటాడు. యాసంగి వడ్లు దిగే రోజుల్లో అయితే లారీ డ్రైవర్ల ముందే "నీకు కూడిక కూడా రాదా" అని అరుస్తాడు. రాత్రి పడుకున్నా అదే మాట చెవిలో తిరుగుతుంది. నవ్వి ఊరుకోమని మా అక్క అంటుంది. నవ్వు ఎట్లా వస్తుంది?
– ఒక చెల్లెలు

జవాబు: చెల్లీ, పదిమందిలో మాట పడితే ఎంత మంటగా ఉంటుందో నాకు తెలుసు. మహబూబ్‌నగర్‌లో నేను స్టాఫ్ నర్సుగా చేరిన కొత్తలో మా వార్డు ఇన్‌చార్జి సిస్టర్ రోగుల బంధువుల ముందే కేకలేసేది. డ్యూటీకి బయల్దేరుతుంటేనే కడుపులో తిప్పేది.

నాతోపాటు డ్యూటీ చేసే ఇంకో సిస్టర్ ఒక ఆట మొదలుపెట్టింది. ఇన్‌చార్జి ఆ రోజు "మా కాలంలో అయితేనా" అని ఎన్నిసార్లు అంటుందో ఇద్దరం ముందే చెరో అంకె అనుకోవాలి. తప్పినవాళ్లు చాయ్, మిరపకాయ బజ్జీలు ఇప్పించాలి. ఒకరోజు నేను ఏడు అనుకున్నాను. ఆమె ఆరు దగ్గర ఆగిపోయింది. డ్యూటీ దిగే వేళ నన్ను తిడుతూనే ఆ ఏడోది అనేసింది. ఎప్పుడూ ఏడ్చే నాకు ఆ రోజు బజ్జీలు గుర్తొచ్చాయి. ఎదురుచూసిన తిట్టు కదా, గుచ్చుకోలేదు.

తర్వాత ఒక తప్పు చేశాను. ఆమె నడకను, యాసను అందరి ముందు అనుకరించి చూపించాను. అది ఆమె చెవిన పడింది. మందుల గదిలో ఒక్కతే కూర్చుని కళ్లు తుడుచుకుంటుంటే చూశాను. ఇప్పటికీ ఆ సంగతి నన్ను బాధిస్తుంది. 2003లో కెనడాలో రాడ్ మార్టిన్, ఆయన తోటి పరిశోధకులు హాస్యాన్ని నాలుగు రకాలుగా విడదీశారు: నలుగురినీ కలిపేది, కష్టంలో మనల్ని నిలబెట్టేది, ఎదుటివాళ్లను గాయపరిచేది, మనల్ని మనమే కించపరుచుకునేది. నేను మొదట ఆడింది రెండో రకం, తర్వాత చేసింది మూడోది. నువ్వు నాలుగోదాని జోలికి కూడా పోకు. "అవును సార్, నాకు లెక్కలు రావు" అని నవ్వేస్తే డ్రైవర్లు అదే నిజమనుకుంటారు.

నీ చేతిలోనే మంచి ఆట ఉంది. వడ్లకు తేమ 17 శాతం దాటకూడదు కదా, తాలు ఉంటే తరుగు తీస్తారు కదా. సాయంత్రం ఇంటికి పోయాక మీ అక్కతో కూర్చుని ఆ రోజు తిట్లను కాంటా మీద పెట్టండి. అరుపంతా తేమ, "నీకు రాదు" లాంటివి తాలు. అవి తీసేశాక గట్టి గింజ ఎంత మిగిలింది? ట్రక్ షీట్‌లో ఒక అంకె నిజంగానే తప్పు పడి ఉంటే అది గింజ. తెల్లారి పోగానే దిద్దుకో. మిగతాది ఇంటి బయటే పారబోయండి. డ్రైవర్ల ముందు మళ్లీ అరిస్తే, "కాంటా చీటీ ఇవ్వండి సార్, మీ ముందే మళ్లీ కూడతాను" అని మామూలు గొంతుతో చెప్పు.

ఆయన మాటల్లో ఎప్పుడైనా డబుల్ మీనింగ్ వస్తే మాత్రం నవ్వొద్దు. పనిచేసే చోట ఆడవాళ్ల మీద లైంగిక వేధింపులను ఆపడానికి 2013లో వచ్చిన చట్టం నీకు అండగా ఉంది. పదిమంది, అంతకన్నా ఎక్కువమంది పనిచేసే చోట అంతర్గత కమిటీ ఉండాలి. అంతకంటే తక్కువమంది ఉంటే జిల్లా స్థాయి స్థానిక కమిటీకి మూడు నెలల్లోపు ఫిర్యాదు చేయొచ్చు.

యాసంగి లోడ్లు అయిపోయాక ఒక ఉత్తరం రాయి. ఎన్ని రోజులు తేమ దాటిందో నాకూ చెప్పు.