నూరువరహాల ఆకులు పసుపెక్కాయని మొక్కను పీకేయకండి

ఒంగోలులో ఇంటి ముందు పెట్టిన నూరువరహాల మొక్క రెండేళ్లుగా పసుపెక్కుతోందని, డీఏపీ ఎరువు వేసినా మార్పు లేదని, పీకేసి మందారం పెట్టమంటారా అని అడిగారు. దయచేసి పీకకండి. మాది కావలి. ఇదే బాధ నేనూ పడ్డాను. ఆ మొక్కే ఇప్పుడు నా భుజం ఎత్తు పెరిగి ఎర్రటి గుత్తులతో నిండుగా ఉంది.

ముందు కొమ్మ చివరి లేత ఆకు ఒకటి తెంపి ఎండకు ఎత్తి చూడండి. ఆకంతా పాలిపోయి, ఈనెలు మాత్రం పచ్చటి దారాలతో అల్లిన వలలా కనిపిస్తే అది ఇనుము లోపం. ఇనుము ముదురాకు నుంచి లేతాకుకు చేరదు కాబట్టి చిగురే ముందు పాలిపోతుంది. అలా కాకుండా అడుగు ఆకులు ముందుగా పసుపెక్కుతుంటే నత్రజని చాలడం లేదేమో, బాగా చివికిన పశువుల ఎరువు వేసి చూడండి.

మా మామయ్యకు పొదలకూరు దగ్గర నిమ్మతోట ఉంది. సంక్రాంతికి వచ్చినప్పుడు నా మొక్క ఆకు చూసి, "నిమ్మకూ ఇలాగే వస్తుందమ్మా. ముందు మీ బోరు నీళ్లు చూపించు" అన్నారు. పెరట్లో కుళాయి మూతికి పేరుకున్న తెల్లటి సున్నపు పెచ్చును గోటితో గీకి నా అరచేతిలో పెట్టారు. తర్వాత గునపం తెప్పించి ప్రహరీ వైపు మట్టి తవ్వితే జానెడు లోతులోనే సిమెంటు పెళ్లలు బయటపడ్డాయి. గోడ కట్టినప్పుడు మిగిలిన మాలును మేస్త్రీలు అక్కడే పూడ్చేశారు. తట్టెడు పెళ్లలు ఏరి పారేశాం. అంతకాలం ఆ సున్నంలో వేళ్లు పెట్టుకుని బతికినందుకు ఆ మొక్కంటే నాకు గౌరవం పెరిగింది.

నూరువరహాలు పులుపు (ఆమ్ల) నేలను ఇష్టపడే మొక్క. సున్నం ఎక్కువైతే మట్టిలో ఇనుము ఉన్నా వేరుకు అందదు. పైగా డీఏపీలోని భాస్వరం ఆ కాస్త ఇనుమును కూడా అందకుండా చేస్తుంది. కాబట్టి దాన్ని పూర్తిగా ఆపేయండి.

లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్), 1 గ్రాము నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) కలిపి సాయంత్రం పూట ఆకులు తడిసేలా పిచికారీ చేయండి. ఇనుము లోపానికి వేరుశనగ రైతులు వాడే మోతాదే ఇది. మొదట ఒక కొమ్మ మీద కొట్టి, ఆకు మాడలేదని చూసుకున్నాకే మొక్కంతటికీ కొట్టండి. నేను వారం ఎడంతో మూడుసార్లు కొట్టాను, మూడో వారానికి చిగురు పచ్చబడింది. అన్నభేది లేతాకుపచ్చ పలుకులుగా ఉండాలి, గోధుమరంగుకు తిరిగిన పాత సరుకు కొనకండి. వాకిట్లో టైల్స్ మీద పడితే తుప్పు మరక పడుతుంది, కింద గోనెసంచి పరవండి.

అయితే పిచికారీ తాత్కాలికమే. నీళ్లు మారకపోతే పసుపు మళ్లీ వస్తుంది. మన వైపు అక్టోబరు నుంచి డిసెంబరు వరకే కదా వానలు జోరుగా పడేది. ఆ నెలల్లో డాబా మీది నీళ్లు డ్రమ్ముకు పట్టి మేం ఈ మొక్కకే వాడతాం. మొక్క మొదలు చుట్టూ చివికిన ఆకులు మందంగా పరుస్తాం.

పూల విషయానికి వస్తే, గుత్తి కొత్త కొమ్మ చివరే వస్తుంది. వాడిన గుత్తిని కింది జత ఆకులతో సహా కత్తిరిస్తే పక్క నుంచి రెండు కొమ్మలు లేస్తాయి. రోజూ ఐదారు గంటల ఎండ తప్పనిసరి. కొమ్మల మీద చీమలు బారులు తీరితే ఆకు అడుగున పిండినల్లి ఉందేమో చూసి, సబ్బు నీళ్లలో వేపనూనె కలిపి కొట్టండి.

అన్నభేది ఈ వారమే మొదలుపెట్టండి. గోడ పక్కన సిమెంటు పెళ్లలు ఉన్నాయేమో తవ్వి చూడటం మాత్రం వానలు పడ్డాక పెట్టుకోండి. రోహిణీ కార్తె ఎండల్లో వేళ్లు కదిలిస్తే మొక్క తట్టుకోలేదు.