కిడ్నీలో గడ్డ... క్యాన్సర్ కాదంటున్నారు, నమ్మొచ్చా?

ప్రశ్న: నాన్నగారికి 56 ఏళ్లు. ఏడాదిగా ముక్కులో పక్కులు కడుతున్నాయి, అప్పుడప్పుడు రక్తం వస్తోంది. సైనస్ అనుకున్నాం. ఈమధ్య జ్వరం, నడుంనొప్పి వస్తే స్కాన్ తీయించాం. ఎడమ కిడ్నీలో 4 సెం.మీ. గడ్డ ఉంది, క్యాన్సర్ కావచ్చన్నారు. బయాప్సీలో మాత్రం క్యాన్సర్ లేదు, ‘జీపీఏ’ అనే రక్తనాళాల వాపు జబ్బన్నారు. సీ-ఆంకా (ఈ జబ్బును సూచించే రక్తపరీక్ష) పాజిటివ్. అందరం టెన్షన్ పడుతున్నాం. ఏది నమ్మాలి?
- ఓ పాఠకురాలు, ఖమ్మం

సమాధానం: అమ్మా, మీరు మొదట రాసిన ముక్కు సంగతే ఇక్కడ పెద్ద ఆధారం. కిడ్నీ క్యాన్సర్‌లో ఏడాదిపాటు ముక్కులో పక్కులు కట్టవు, జీపీఏలో కడతాయి. పాత వైద్యులు దీన్నే వెగెనర్స్ అనేవారు. మనల్ని కాపాడాల్సిన రోగనిరోధక శక్తే చిన్న రక్తనాళాలను దెబ్బతీస్తుంది. ముక్కు, ఊపిరితిత్తులు, కిడ్నీలు ఎక్కువగా గురవుతాయి. కిడ్నీలో సాధారణంగా వడపోత దెబ్బతిని మూత్రంలో రక్తం, ప్రొటీన్ పోతాయి. గడ్డలా పెరగడం చాలా అరుదు. పెరిగితే స్కాన్‌లో క్యాన్సర్‌లాగే ఉంటుంది, అందుకే మొదట చూసిన డాక్టర్‌ది తప్పనుకోవద్దు. కిడ్నీ తీసేయకముందే ముక్క తీసి పరీక్షించడం చాలా మంచిదైంది.

ఒక్కటి మాత్రం అడగండి: ఆ ముక్కలో టీబీ, ఫంగస్ కోసం చూశారా? టీబీలో కూడా ఇలాంటి గడ్డలే వస్తాయి, కొందరిలో ఆంకా కూడా పాజిటివ్ వస్తుంది. టీబీ ఉండగా స్టెరాయిడ్లు మొదలుపెడితే అది ఒళ్లంతా పాకే ప్రమాదం ఉంది. అలాగే ఈ జబ్బుకు ఇచ్చే రిటుక్సిమాబ్ అనే మందుకు ముందు హెపటైటిస్-బి పరీక్ష తప్పనిసరి.

ఇవి తేలగానే ఆలస్యం చేయొద్దు. మందులు లేని రోజుల్లో ఈ జబ్బు వచ్చినవాళ్లలో చాలామంది ఏడాది దాటేవారు కాదు. ఇప్పుడు స్టెరాయిడ్లతో పాటు రిటుక్సిమాబ్ లేదా సైక్లోఫాస్ఫమైడ్ ఇస్తే ఎక్కువమందిలో అదుపులోకి వస్తుంది. తిరగబెట్టే గుణం ఉంది కాబట్టి మందులు ఏళ్ల తరబడి అవసరం కావచ్చు. బాగుంది కదా అని మధ్యలో ఆపనివ్వకండి. నెఫ్రాలజిస్టు (కిడ్నీ వైద్యుడు), రుమటాలజిస్టు (కీళ్లు, రోగనిరోధక జబ్బుల వైద్యుడు) కలిసి చూస్తే మేలు.

మందులు మొదలయ్యాక మళ్లీ స్కాన్ తీయించండి. గడ్డ కరుగుతుంటే నిర్ధారణ సరైనదేనన్న నమ్మకం పెరుగుతుంది. కరగకపోతే క్యాన్సర్ అనుమానం తిరిగి తెరవాలి, సూదికి అందని చోట అది దాగి ఉండొచ్చు. ఇది చదివి కిడ్నీ గడ్డ ఉన్న ఇతరులు ఆపరేషన్ వాయిదా వేయొద్దని వేడుకుంటున్నా, అలాంటి గట్టి గడ్డల్లో ఎక్కువ భాగం క్యాన్సరే.

క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పే రక్తపరీక్ష), మూత్ర పరీక్ష ఈ వారమే చేయించండి. దగ్గితే రక్తం పడినా, ఆయాసం వచ్చినా, మూత్రం తగ్గినా, డికాక్షన్ రంగులోకి మారినా తెల్లారేదాకా ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి.