ముల్లర్ల గురించి రాస్తున్న అమ్మాయికి

చిరంజీవికి ఆశీస్సులు.

నీ వ్యాసం అందింది. జర్మనీలో అందరికంటే ఎక్కువమందికి ఉన్న ఇంటిపేరు ముల్లర్ అని, పిండిమర నడిపేవాణ్ణి అలా పిలిచేవారని మొదటి పేరాలో చెప్పావు. ఆ తర్వాత పేరుమోసిన ముల్లర్లందరినీ వరసగా నిలబెట్టావు. ఖగోళ శాస్త్రజ్ఞుడు, కవి, సంస్కృత పండితుడు, ఫుట్‌బాల్ ఆటగాడు, నోబెల్ అందుకున్న రచయిత్రి, తలా నాలుగు వాక్యాలు. పెద్ద తప్పులేమీ లేవు. అయినా వీళ్లనెందుకు ఒకచోట చేర్చావో చివరికి కూడా నాకు అర్థం కాలేదు. అందులో తండ్రీకొడుకులైన ఇద్దరు తప్ప మిగతావాళ్లకు ఒకరితో ఒకరికి చుట్టరికమే లేదు. ఇంటిపేరు కలిసినంత మాత్రాన కథ అయిపోదు.

మళ్లీ రాయి. ఈసారి మనుషుల జోలికి పోయేముందు మర దగ్గరికి వెళ్లు.

ఆ రోజుల్లో మర అంటే వాగు ఒడ్డున నీటితో తిరిగే చక్రం. ఊరికి కాస్త దూరంగా ఉండేది. చాలాచోట్ల దాని మీద హక్కు జమీందారుది. ఫలానా ఊళ్లవాళ్లు ఫలానా మరలోనే పిండి పట్టించుకోవాలని కట్టడి ఉండేది. ప్రష్యా అనే జర్మన్ రాజ్యంలో 1810లో గానీ ఆ కట్టడి పోలేదు. పట్టినందుకు కూలిగా గింజల్లోనే వాటా తీసుకునేవారు. రైతు తెచ్చిన గింజ ఎంత, తిరిగి తీసుకెళ్లిన పిండి ఎంత, మధ్యలో ఏమైంది? ఇంకో మరకు పోయే వీల్లేనివాడికి అనుమానం రాక ఏం చేస్తుంది? అందుకే అక్కడి జానపద కథల్లో మరవాడు తరచుగా కొలతలో దొంగ. చాలా ప్రాంతాల్లో వృత్తి సంఘాలు మరవాళ్ల పిల్లల్ని చేర్చుకోలేదు. సాలెవాళ్లు, మంగళ్లు, గొర్రెల కాపర్లు, మరవాళ్లు, వీళ్ల పిల్లల్ని బయట పెట్టకూడదని 1548లో పవిత్ర రోమన్ సామ్రాజ్య శాసనమే చెప్పాల్సివచ్చింది. 1577లో అదే మాట మళ్లీ చెప్పారు. మొదటిసారి ఎవరూ వినలేదన్నమాట.

జర్మన్ ఊళ్లలో ఇంటిపేర్లు స్థిరపడింది దాదాపు 12వ శతాబ్దం నుంచి 15వ శతాబ్దం దాకా. ఒక ఊళ్లో పదిమంది యోహాన్‌లు ఉంటే వేరు చెయ్యడానికి ఇంకో గుర్తు కావాలి. 'రైతు యోహాన్' అంటే ఎవరూ పోల్చుకోలేరు, ఊరంతా రైతులే. 'మర యోహాన్' అంటే ఒక్కడే. ఊరికొక మర, ఊరికొక కొలిమి. అందుకే దేశమంతా లెక్కేస్తే ముల్లర్ మొదటి స్థానంలో, కమ్మరి పేరైన ష్మిట్ రెండో స్థానంలో నిలిచాయి. ఊళ్లో ఒంటరి కావడం వల్లే దేశంలో ఇంతమంది అయ్యారు. ఈ సంగతి నీ వ్యాసంలో ఎక్కడా లేదు. నాకైతే మొత్తం విషయానికి ఇదే గుండెకాయ.

ఇక్కడ మన పాఠకుడి గురించి ఒక మాట. మన ఇంటిపేర్లు ఎక్కువగా ఊళ్ల నుంచి వచ్చాయి. కులవృత్తుల మధ్య పెరిగిన మనం, వృత్తిపేరు వినగానే దాన్ని కులంగా చదువుకుంటాం. ముల్లర్ అంటే మరవాళ్ల కులం అనుకుని నీ పాఠకుడు ముందుకెళ్లిపోతాడు. నువ్వు అడ్డుపడాలి. పేరు స్థిరపడిన నాటి ఒక ముత్తాత పని అది, అంతే. పేరు ఆగిపోయింది, పని మారుతూ వచ్చింది. అక్కడ చిన్నచూపే లేదని మాత్రం రాయకు, ఆ 1548 శాసనం సంగతి ఇందాకే చెప్పాను. చిన్నచూపు పని మీద ఉండేది. ఆ పని మానుకున్న మనవడికి పేరు మిగిలింది, మచ్చ మిగల్లేదు. రెండూ చెప్పు.

పేరుకీ పనికీ మధ్య పెరిగిన ఈ దూరమే నీ వ్యాసానికి దారి. ఈ దారిలో చూస్తే నీ ముల్లర్లు కొత్తగా కనిపిస్తారు.

గెర్డ్ ముల్లర్ మీద నీకున్న అభిమానం తెలుస్తూనే ఉంది. పశ్చిమ జర్మనీ తరఫున 62 మ్యాచ్‌ల్లో 68 గోల్స్, 1974 ప్రపంచ కప్ ఫైనల్లో గెలుపు గోల్, అన్నీ రాశావు. కానీ బవేరియాలోని నోర్డ్‌లింగెన్‌లో కుర్రవాడిగా అతను చేరింది బట్టల మిల్లులో, నేత పని నేర్చుకోవడానికి. మరవాడి పేరు, సాలెవాడి పని. గోల్స్ లెక్క అందరికీ దొరుకుతుంది. ఈ వ్యాసంలో అతనికి చోటు ఇప్పించేది ఆ నేత పనే.

కవి విల్‌హెల్మ్ ముల్లర్ దగ్గర నువ్వు ఇంకా ఎక్కువసేపు ఆగాలి. 1794లో డెసావ్‌లో ఒక దర్జీ ఇంట పుట్టాడు. నెపోలియన్‌ మీద యుద్ధానికి వెళ్లొచ్చి బెర్లిన్‌లో చదువుకునే రోజుల్లో, 1816 చివర్లో, ష్టేగెమాన్ అనే పెద్ద ఉద్యోగి ఇంట్లో కుర్రకారు కలిసి పాటల నాటకం ఒకటి ఆడుకున్నారు. మరవాడి పిల్ల, ఆమె కోసం పోటీపడే యువకులు. పేరు ముల్లర్ కనుక మరవాడి వేషం ఇతనికి పడింది. తన వేషానికి తనే పాటలు రాసుకున్నాడు. అక్కడికి వచ్చే లూయీజ హెన్సెల్‌ని నిజంగానే ప్రేమించాడు. ఆమె ఒప్పుకోలేదు. ఆటగా మొదలైన ఆ పాటల్ని పెంచి కవితల వరసగా అచ్చువేశాడు. 1823లో వియన్నాలో షూబర్ట్ వాటిలో 20 పాటలకు స్వరం కట్టాడు. కవి, స్వరకర్త ఎప్పుడూ కలుసుకోలేదు. 33 ఏళ్లు నిండకుండానే 1827లో కవి పోయాడు, మరుసటి ఏడే 31 ఏళ్లకు షూబర్ట్ పోయాడు. దర్జీ కొడుకు ఇంటిపేరు పుణ్యాన మరవాడై, ఆ వేషంలో తన గుండెకోతను దాచుకున్నాడు. నువ్వు అతన్ని 'ప్రకృతి కవి' అని ఒక్క మాటతో దాటేశావు! ఇది నాకు నిజంగా బాధ కలిగించింది.

అదే 1823లో అతనికి కొడుకు పుట్టాడు, మన మాక్స్ ముల్లర్. తండ్రి పోయేనాటికి నాలుగేళ్లు నిండలేదు. పెద్దయ్యాక ముల్లర్ అనే పేరు మరీ మామూలుదని తోచి, మాక్స్‌ని కూడా ఇంటిపేరులో కలుపుకున్నాడు. తండ్రి ఆ మామూలు పేరుతో ఆడుకున్నాడు, కొడుక్కి అది ఇరుకైంది. ఋగ్వేదాన్ని సాయణ భాష్యంతో 1849 నుంచి 1874 దాకా ఆరు సంపుటాలుగా అచ్చువేయించాడు. ఖర్చు మొదట భరించింది ఈస్టిండియా కంపెనీ. సాయణుడు విజయనగరంలో బుక్కరాయల కొలువులో మంత్రి కాబట్టి, మన పాఠకుడికి ఇక్కడ సొంత ఊరి పేరు విన్నట్టు ఉంటుంది. దాన్ని వాడుకో, సాగదీయకు. ముఖపత్రం మీద ఆయన తన గురించి సంస్కృతంలో ఏం రాసుకున్నాడో చూశావా? శార్మణ్య దేశంలో పుట్టి, గోతీర్థంలో నివసించే మోక్షమూలర భట్టు. శార్మణ్యం అంటే జర్మనీ, గోతీర్థం అంటే ఆక్స్‌ఫర్డ్. మర పేరు భట్టు పేరైంది. భారతదేశంలో ఒక్కసారైనా అడుగుపెట్టకుండానే ఇక్కడి పండితుల మధ్య ఒక పేరు సంపాదించుకున్నాడు. 1860లో ఆక్స్‌ఫర్డ్‌లో సంస్కృత ఆచార్య పదవికి ఓట్లు వేసినప్పుడు మోనియర్ విలియమ్స్ చేతిలో ఓడిపోయిన సంగతి నువ్వు అరపేజీ రాశావు. దాన్ని తీసెయ్. వేరే వ్యాసంలో పనికొస్తుంది.

ఖగోళ శాస్త్రజ్ఞుడు రెజియోమోంటానస్‌కి రెండు వాక్యాలు చాలు. 1436లో ఫ్రాంకోనియాలోని క్యోనిగ్స్‌బెర్గ్‌లో యోహాన్నెస్ ముల్లర్‌గా పుట్టాడు, లాటిన్ చదువుల లోకంలోకి వెళ్లాక ఊరి పేరుకు లాటిన్ రూపమే అతని పేరైంది. మన ఇంటిపేర్ల పద్ధతికి దగ్గరగా వచ్చిన ముల్లర్ ఇతనొక్కడే.

హెర్టా ముల్లర్‌ని చివర్లో పెట్టావు, బాగుంది, ఆమె అక్కడే ఉండాలి. కానీ 2009 నోబెల్‌తో మొదలుపెట్టకు. రుమేనియాలో బనాట్ ప్రాంతం, నిట్స్‌కిడోర్ఫ్ అనే జర్మన్ ఊరు, 1953 పుట్టుక. తాత వ్యవసాయం, వ్యాపారం చేసి బాగా బతికినవాడు, ఆయన ఆస్తి కమ్యూనిస్టు ప్రభుత్వం లాక్కుంది. 1945లో తల్లిని సోవియట్ శ్రమ శిబిరానికి పంపారు. హెర్టా టిమిషోరాలో యంత్రాల కర్మాగారంలో అనువాదకురాలిగా పనిచేస్తుండగా, రహస్య పోలీసులు తోటివాళ్ల మీద నిఘా వేసిపెట్టమన్నారు. ఒప్పుకోలేదు, ఉద్యోగం పోయింది. 1987లో పశ్చిమ జర్మనీకి వెళ్లిపోయింది. చాలా ఏళ్ల తర్వాత తన మీద పోలీసులు నడిపిన ఫైలు చూస్తే అందులో ఆమె పేరు క్రిస్టీనా. అందరికీ ఉన్న పేరుతో పుట్టిన మనిషికి, ఎవరికీ తెలియకుండా ఇంకో పేరు పెట్టి వెంటాడారు. మాక్స్ కావాలని పేరు పెంచుకున్నాడు, ఈమెకు అడక్కుండానే ఇంకోటి అంటగట్టారు. ఈ ఇద్దర్నీ పక్కపక్కన పెట్టి చూడు.

ఇక పొట్స్‌డామ్ గాలిమర కథ. ప్రష్యా రాజు ఫ్రీడ్రిష్ తన భవనం పక్కన మర చప్పుడు భరించలేక తీసేస్తానంటే, 'బెర్లిన్‌లో న్యాయస్థానం ఉంది ప్రభూ' అన్నాడట మరవాడు. నువ్వు దాన్ని చరిత్రగా రాశావు. అది కట్టుకథ. ఆ మరవాడి పేరు గ్రేవెనిట్స్, ముల్లర్ కూడా కాదు. నీకు కావాల్సిన కథ పొమ్మెర్‌జిష్ ఊళ్లో ఉంది, ఇప్పుడది పోలండ్‌లో ఉంది. క్రిస్టియాన్ ఆర్నోల్డ్ అనే మరవాడు. పై ఊళ్లో ఒక దొర 1770లో చేపల చెరువు తవ్వించాడు. నీళ్లు తగ్గి మర తిరగట్లేదని ఆర్నోల్డ్ శిస్తు ఆపేశాడు. 1778లో మరని వేలం వేశారు. భార్యాభర్తలు రాజుకు అర్జీల మీద అర్జీలు పెట్టుకున్నారు. 1779 డిసెంబర్‌లో రాజు కోపంతో న్యాయమూర్తుల్నే జైల్లో వేయించి, మర ఆర్నోల్డ్‌కి ఇప్పించాడు. 1786లో రాజు పోయాక, తప్పు న్యాయమూర్తులది కాదని తేల్చి వాళ్ల పరువు తిరిగిచ్చారు. పేదవాడి పక్షాన నిలబడిన రాజా, న్యాయస్థానాన్ని తొక్కిన రాజా? అక్కడివాళ్లు చాలాకాలం వాదించుకున్నారు. నువ్వు తీర్పు చెప్పనక్కర్లేదు. నీ వ్యాసంలో ముల్లర్ అన్న పేరున్నవాళ్లెవరూ మర తిప్పలేదు, మర తిప్పినవాడికి ఆ పేరు లేదు. అది చాలు, వ్యాసం నిలబడుతుంది.

రాతలో ఒక చిన్న సంగతి. ఒకచోట ముల్లర్, ఒకచోట మ్యూలర్, ఇంకోచోట మ్యుల్లర్ అని రాశావు. మనవాళ్లకు అలవాటైన ముల్లర్‌నే అంతటా ఉంచు. ఉత్తర జర్మనీలో మోల్లర్, అమెరికా వెళ్లినవాళ్లలో మిల్లర్, పండితులు లాటిన్‌లోకి మార్చుకున్న మోలిటర్, ఈ రూపాలన్నీ ఒక్క పేరాలో సర్దేయొచ్చు.

ముందు మర, ఆర్నోల్డ్, ఈ రెండు భాగాలు రాసి పంపు. అవి చూశాక విల్‌హెల్మ్ సంగతి మాట్లాడుకుందాం.