పోస్టు డబ్బాలో పడే కార్డు కవర్లు

మొన్న బెంగళూరు బీటీఎం లేఅవుట్‌లో ఒక ఆంధ్రా మెస్‌కి భోజనానికి వెళ్తే, పక్క బల్ల దగ్గర నలుగురు కుర్రాళ్ళు. జనవరిలో ఎమ్మెస్‌కి డాలస్ వెళ్తున్నారట. నేను ఇరవై ఏళ్ళ పైనుంచీ అక్కడే ఉంటున్నాననీ, సెలవులకి చెల్లెలి ఇంటికొచ్చాననీ తెలియగానే, ముద్దపప్పులో నెయ్యి కలుపుకునేలోపే సందేహాలు మొదలు. వీసా సంగతులు వెబ్‌సైట్లో చూసుకోండి నాయనా అన్నాను. ఒకడు మాత్రం పనికొచ్చే ప్రశ్న అడిగాడు. "అంకుల్, మా సీనియర్‌కి రోజూ క్రెడిట్ కార్డు ఉత్తరాలొస్తాయట, విప్పకుండా చెత్తబుట్టలో వేస్తాడట. వాటిలో మంచివి ఉంటాయా?"

ఉంటాయి. కాకపోతే దిగిన వారంలో రావు. ఇక్కడ సిబిల్ స్కోరు (అప్పులు సరిగ్గా తీరుస్తామో లేదో చెప్పే అంకె) 800 ఉన్నా అక్కడ మామూలుగా అడిగేవాడుండడు. మొదటి కార్డు మీరే వెతుక్కోవాలి. స్టూడెంట్ కార్డు దొరికితే సరే, లేదంటే రెండు మూడొందల డాలర్లు డిపాజిట్ కట్టి సెక్యూర్డ్ కార్డు. ఆరు నెలలు బిల్లు సరిగ్గా కడితే స్కోరు పుడుతుంది, ఆ తరవాత కవర్లు కుప్పలు. బెంగళూరులో బ్యాంకుల వాళ్ళు ఫోన్లో ప్రాణం తీస్తారు, అక్కడ పోస్టులో తీస్తారు, అంతే తేడా.

నేనెలా మునిగానో చెప్తాను. 2005. అప్పటికే నా దగ్గర కార్డున్న ఒక బ్యాంకు కవరు పంపింది. లోపల మూడు చెక్కులు, నా పేరు అచ్చేసి మరీ. చెక్కంటే మన ఖాతాలో డబ్బే అనుకునే బుర్ర మనది. సరిగ్గా అప్పుడే చెల్లెలి పెళ్ళి కుదిరింది, కల్యాణ మండపానికి అడ్వాన్సు కట్టాలని నాన్న ఫోను. 2,000 డాలర్లకి నా పేరున నేనే రాసుకుని ఖాతాలో వేసేసుకున్నాను. పైగా ఏదో ఘనకార్యం చేసినట్టు రూమ్మేట్లకి పిజ్జా కూడా పెట్టించాను.

నెల తిరిగేసరికి బిల్లొచ్చింది. చెక్కు వాడినందుకు 3 శాతం, అంటే 60 డాలర్లు. ఆపైన 22 శాతం వడ్డీ, అదీ చెక్కు వేసిన రోజు నుంచే. వస్తువు కొంటే ఉండే గడువు దీనికి లేదు, ఎందుకంటే అది క్యాష్ అడ్వాన్సు, అంటే కార్డు మీద నగదు అప్పు కింద లెక్క. నేను కట్టే డబ్బేమో ముందు కార్డుతో కొన్న వస్తువుల తక్కువ వడ్డీ బాకీకి జమవుతోంది, ఎక్కువ వడ్డీది కదలకుండా కూర్చుంది. (2009లో కార్డ్ యాక్ట్ అనే చట్టం వచ్చాక, నెలనెలా కట్టాల్సిన మినిమమ్‌కి మించి కట్టిందంతా ఎక్కువ వడ్డీ బాకీకే పోవాలి. మీరు అదృష్టవంతులు.) తీర్చడానికి పదకొండు నెలలు పట్టింది. ఫీజూ వడ్డీ కలిపి 300 డాలర్ల పైనే. డాలరు 44 రూపాయలున్న రోజులు, పదమూడు వేలు! మండపానికి పూలన్నీ దాంతో వచ్చేవి. చెల్లెలికి ఈ సంగతి ఇప్పటికీ తెలియదు.

అందుకే చెప్తున్నా, కవరు విప్పగానే ముందు పేజీ చదవొద్దు. వెనక గళ్ళ పట్టిక ఒకటుంటుంది. అది పెట్టి తీరాలని చట్టం, కాబట్టి బ్యాంకు అన్నీ అక్కడ ఒప్పుకుంటుంది. యాన్యువల్ ఫీ సున్నా ఉందా? "మొదటి ఏడాది ఉచితం" అంటే రెండో ఏడాది వాత తప్పదు. ఫారిన్ ట్రాన్సాక్షన్ ఫీ 3 శాతమని ఉంటే, ఆ కార్డుతో ఇక్కడికొచ్చి కమర్షియల్ స్ట్రీట్‌లో చీరలు కొనకండి. బ్యాలెన్స్ ట్రాన్స్‌ఫర్‌కి, అంటే ఒక కార్డు బాకీని ఇంకో కార్డుకి మార్చుకుంటే, వడ్డీ సున్నా అని ఊరించి, మార్చినందుకు 3 నుంచి 5 శాతం లాగుతారు.

ఫీజు లేకుండా, మూడు నెలల్లో 500 డాలర్లు ఖర్చు పెడితే 200 వెనక్కిస్తామనే ఉత్తరం వస్తే దాచండి. బియ్యం, పప్పులకే అంతవుతుంది. 4,000 ఖర్చు పెట్టమనేది ఉద్యోగం వచ్చాక చూసుకోవచ్చు. పోస్టులో వచ్చిన దానికంటే ఆ బ్యాంకు సైట్లోనే బోనస్ ఎక్కువ ఉండొచ్చు, అప్లై చేసే ముందు రెండూ పక్కపక్కన పెట్టి చూడండి. "ప్రీ అప్రూవ్డ్" అన్నంత మాత్రాన ఇచ్చేసినట్టు కాదు. అప్లై చేశాక ఆదాయం చూస్తారు, ఆ ఎంక్వైరీ మీ క్రెడిట్ రిపోర్టులో రెండేళ్ళు కనిపిస్తుంది. ఒకే నెలలో నాలుగింటికి ఎగబడకండి.

వద్దనుకున్న వాటిని ముక్కలు చేసి పడేయాలి, చెక్కులైతే మరీ ముక్కలు. అసలీ గోలే వద్దనుకుంటే ఆప్ట్ అవుట్ ప్రీస్క్రీన్ అనే సైట్లో చెప్తే ఐదేళ్ళు చాలావరకు ఆగుతాయి. నేను ఆపలేదు. ఆదివారం కాఫీ తాగుతూ ఆ పట్టికలు చదవడం నాకు అలవాటైపోయింది, మా ఆవిడ నవ్వుతుంది.

ఇదంతా చెప్పేసరికి పెరుగన్నంలోకి వచ్చాం. దర్జాగా నా అమెరికా కార్డు తీస్తే, "యూపీఐ లేదా సార్?" అన్నాడు కౌంటర్లో అబ్బాయి. లేదు. కార్డు ఉత్తరాల గురించి అడిగిన కుర్రాడే ఫోన్‌తో స్కాన్ చేసి నా భోజనం డబ్బులు కూడా కట్టేశాడు.