గమ్మునుండమని మాత్రం చెప్పను

కావలి,
ఆదివారం రాత్రి

పాపా,

మీ అమ్మ సాయంత్రం ఫోన్ చేసి ఒకటే ఏడుపు. "అన్నయ్యా, దాన్ని గమ్మునుండమని చెప్పు. నువ్వు చెబితే వింటది" అని. హాస్టల్ నీళ్ళ ట్యాంకు మీద నువ్వు పెట్టిన పోస్టుకు మీ కాలేజీ ఇచ్చిన నోటీసు, నువ్వు పంపిన ఫొటో పెద్దది చేసుకుని రెండుసార్లు చదివాను. "సంస్థ ప్రతిష్ఠకు భంగం కలిగించే విధంగా సామాజిక మాధ్యమాల్లో ప్రవర్తించినందుకు మీపై ఎందుకు చర్య తీసుకోకూడదో మూడు రోజుల్లోగా సంజాయిషీ ఇవ్వవలెను." ఇలాంటి వాక్యాలు నాకు కొత్త కాదు. నా చేత్తో నేనే చాలా రాశాను. ఫోన్లో చెబితే మధ్యలో మీ అమ్మ లాక్కుంటుంది, నువ్వేమో సగం విని "సరే మామా" అంటావు. అందుకే కాగితం పట్టుకున్నాను.

ముందు నా సంగతి ఒకటి చెప్పాలి. పాఠాలు చెప్పిన ముప్పై రెండేళ్ళలో పదకొండేళ్ళు కాలేజీ క్రమశిక్షణ కమిటీలో ఉన్నాను. తొంభైల్లో ఒక పిలకాయ హాస్టల్ సాంబారు మీద ఆటవెలది రాసి గోడపత్రికలో అంటించాడు. గణాలు ఎక్కడా తప్పలేదు, యతి కూడా చక్కగా పడింది. తెలుగు మాస్టారుగా లోలోపల మురిసిపోయాను. ప్రిన్సిపాలు గారికి మాత్రం ఒళ్ళు మండింది. కమిటీ కూర్చుంది. పద్యం రాయడం తప్పని ఏ నిబంధనలోనూ లేదు కాబట్టి "అనుచిత ప్రవర్తన" అని రాశాం. పదిహేను రోజులు సస్పెన్షన్. ఆ పదిహేను రోజుల్లోనే ప్రాక్టికల్ పరీక్షలు జరిగిపోయాయి, వాడికి ఏడాది పోయింది. ఆ కాగితం మీద మూడో సంతకం నాది. కొన్నేళ్ళ తర్వాత ఒంగోలు బస్టాండులో కనబడి నమస్కారం పెట్టాడు. నేను బస్సు బోర్డు చదువుతున్నట్టు నటించాను.

కాబట్టి బల్లకు అవతలి వైపు కూర్చున్నవాడి మాటగా విను. కమిటీకి ఎప్పుడూ కావలసింది మెత్తటి మాట. అనుచితం, ప్రతిష్ఠ, మర్యాద, వాతావరణం చెడగొట్టడం. ఎంత లాగితే అంత సాగుతాయి. కాపీ కొట్టొద్దు, ర్యాగింగ్ చేయొద్దు, ఎవరి మీదా చెయ్యెత్తొద్దు అనేవి గట్టి మాటలు. ర్యాగింగ్ మీద మన రాష్ట్రంలో 1997 నుంచే చట్టం ఉంది, యూనివర్సిటీలను నియంత్రించే యూజీసీ 2009లో నిబంధనలు తెచ్చింది, అవి ఉండాల్సిందే. చిక్కంతా మెత్తటి మాటలతోనే. ఈ మూడు రోజుల్లో నీ పని ఒకటే: నువ్వు చేసిన తప్పేమిటో వాళ్ళ చేత గట్టి మాటల్లో చెప్పించడం.

నోటీసులో తేదీ ఉంది, సంతకం ఉంది. ఏ నిబంధన కింద ఇచ్చారో లేదు. చేరేటప్పుడు నువ్వూ మీ నాన్నా సంతకాలు పెట్టిన హామీపత్రం ఒకటి ఉంటుంది. అడ్మిషన్ రోజు క్యూలో నిలబడి చదవకుండా పెట్టుంటారు, అందరూ అంతే. అదీ, కాలేజీ ప్రవర్తనా నియమావళీ రెండూ సంపాదించు. చదివేటప్పుడు ప్రతి నిబంధన పక్కనా పెన్సిల్‌తో ఒక ప్రశ్న రాసుకో: ఇది ఏ పనిని ఆపుతోంది? ఢిల్లీ జేఎన్‌యూ యూనివర్సిటీలో 2023లో తెచ్చిన నియమావళిలో, తరగతి భవనాలకు 100 మీటర్ల లోపు ధర్నా చేస్తే 20,000 రూపాయల దాకా జరిమానా అని రాసుకున్నారు. ఆ నిబంధన నాకు నచ్చదు. కానీ అది మీటర్లలో చెప్పింది, ఎక్కడ నిలబడకూడదో పిల్లలకు తెలుస్తుంది. ప్రతిష్ఠకు మీటర్లు లేవు.

మెత్తటి మాటలకు కోర్టులో ఏ గతి పట్టిందో కూడా తెలిసి ఉండాలి, లేకపోతే గదిలోకి వెళ్ళగానే కాళ్ళు వణుకుతాయి. 2012లో ముంబై బంద్ మీద ఫేస్‌బుక్‌లో ఒక మాట రాసినందుకు ఒకమ్మాయిని, దానికి లైక్ కొట్టినందుకు ఇంకో అమ్మాయిని పాల్ఘర్‌లో అరెస్టు చేశారు. అది చూసి శ్రేయా సింఘాల్ అనే ఇరవయ్యొక్కేళ్ళ అమ్మాయి సుప్రీంకోర్టుకు వెళ్ళింది. 2015 మార్చి 24న ఆన్‌లైన్ రాతలకు జైలు వేసే ఐటీ చట్టంలోని 66ఏ సెక్షన్నే కొట్టేశారు. "చికాకు", "అసౌకర్యం" అంటే ఏమిటో ఎవరికి తోచినట్టు వాళ్ళు చెప్పుకోవచ్చు, అలాంటి మాట పెట్టి మనుషుల్ని పట్టుకోకూడదన్నారు.

అంతకన్నా నాకు ఇష్టమైనది 1986 నాటిది. కేరళలో ముగ్గురు పిల్లలు జాతీయగీతం వచ్చినప్పుడు మర్యాదగా లేచి నిలబడేవాళ్ళు కానీ, తమ మతవిశ్వాసం ఒప్పుకోదని పాడేవాళ్ళు కాదు. బడి నుంచి పంపేశారు. సుప్రీంకోర్టులో ఆ తీర్పు రాసింది మన తెలుగు న్యాయమూర్తి ఓ. చిన్నప్పరెడ్డి గారు. విద్యాశాఖ సర్క్యులర్లు ఉన్నాయి సరే, వాటి వెనక చట్టం ఏదని అడిగారు. రాజ్యాంగం 19వ అధికరణ ఇచ్చిన మాట్లాడే స్వేచ్ఛను తగ్గించాలంటే చట్టం కావాలి, శాఖ పంపిన కాగితం చాలదన్నారు. పిల్లలు మళ్ళీ బడికి వెళ్ళారు.

"మాది ప్రైవేటు కాలేజీ, రాజ్యాంగం సంగతి మా దగ్గర కాదు" అంటారేమో. అందులో కొంత నిజముంది, 19వ అధికరణ ముందుగా కట్టడి చేసేది ప్రభుత్వాన్నే. అయినా చదువు చెప్పడం ప్రజలందరికీ సంబంధించిన పని కాబట్టి డీమ్డ్ యూనివర్సిటీ (యూనివర్సిటీ హోదా ఇచ్చిన సంస్థ) మీద కూడా హైకోర్టులో రిట్ పిటిషన్ వేయొచ్చని 2015లోనే ఒక అధ్యాపకురాలి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఇక వాదన వినకుండా విద్యార్థిని శిక్షించడం చెల్లదన్నది 1962 నుంచీ ఉన్న మాట. అప్పుడు ఉత్తరప్రదేశ్ పరీక్షల బోర్డు పిల్లల్ని ఒక్క మాట అడగకుండా వాళ్ళ ఫలితాలు రద్దు చేసింది, కుదరదన్నారు.

ఇంతవరకూ చదివి ఈల వేసుంటావు. ఇప్పుడు నీ తప్పు చెబుతాను.

నీ పోస్టు మూడుసార్లు చూశాను. ట్యాంకులో పాకుడు, గ్లాసులో పురుగు, తేదీలతో ఫొటోలు, ఆ వారంలో జ్వరాలొచ్చి ఇళ్ళకు పోయిన నీ గది పిల్లలు. అందులో ఒక్క అక్షరం తీయక్కర్లేదు. చివర్న మాత్రం "ట్యాంకు కడిగించే డబ్బులు వార్డెన్ మింగేసింది" అన్నావు. ఎవరు చెప్పారు? బిల్లు చూశావా? లేదు కదా. భారతీయ న్యాయ సంహిత 356వ సెక్షన్ ప్రకారం పరువు నష్టం నేరం, రెండేళ్ళ దాకా జైలు ఉంది. జనం మేలు కోసం చెప్పిన నిజానికి అదే సెక్షన్ మినహాయింపు ఇస్తుంది, అది నిజమని చూపించగలగాలి మరి. కింద కామెంట్లలో ఎవరో ఆమె ముఖాన్ని పందికి అతికించారు. నువ్వు దానికి నవ్వు బొమ్మ పెట్టావు. నోటీసు కన్నా అది చూసినప్పుడే నాకు ఎక్కువ బాధేసింది.

అందుకని ముందు పోస్టునూ కామెంట్లనూ అన్నీ స్క్రీన్‌షాట్లు తీసి మీ నాన్నకు పంపు. ఆ తర్వాత ఆ ఒక్క వాక్యం, నువ్వు పెట్టిన ఆ నవ్వు బొమ్మ తీసెయ్. మిగతాది అట్లాగే ఉంచు. భయపడి మొత్తం తుడిచేస్తే తప్పు ఒప్పుకున్నట్టు చదువుతారు. మేమూ అట్లాగే చదివేవాళ్ళం.

సంజాయిషీ ఒక పేజీ దాటనీయకు. సినిమా డైలాగులు వద్దు, "నా భావప్రకటనా స్వేచ్ఛ" అని మొదటి లైన్లోనే మొదలుపెట్టొద్దు, చదివేవాళ్ళకు అక్కడే చెవులు మూసుకుపోతాయి. ఇట్లా రాయి: "ఫలానా తేదీ నోటీసు అందింది. నేను ఉల్లంఘించిన నిబంధన సంఖ్య, దాని ప్రతి ఇప్పించగలరు. ట్యాంకు పరిస్థితి గురించి నేను పెట్టిన ఫొటోలు ఫలానా తేదీల్లో తీసినవి, వాటి అసలు ప్రతులు నా దగ్గర ఉన్నాయి. వార్డెన్ గారి గురించి రాసిన ఒక వాక్యానికి నా దగ్గర ఆధారం లేదు, దాన్ని తొలగించాను, అందుకు ఆమెకు క్షమాపణ చెబుతున్నాను. నిర్ణయం తీసుకునే ముందు మా తల్లిదండ్రుల సమక్షంలో నా మాట వినవలసిందిగా కోరుతున్నాను." ఇంతే. పోస్టు పెట్టక ముందు హాస్టల్ ఫిర్యాదుల పుస్తకంలో రాశామన్నావు కదా, ఆ పేజీ ఫొటో ఉంటే జత చెయ్. దానికున్న బరువు నా ఉత్తరం మొత్తానికీ లేదు. ఆఫీసులో ఇచ్చేటప్పుడు రెండో కాపీ మీద అందినట్టు సంతకం, సీలు వేయించుకో. వేయకపోతే గొడవ పడకు, అదే రోజు స్పీడ్‌పోస్టులో పంపి రసీదు దాచు.

విచారణకు పిలిస్తే కాస్త ముందుగానే వెళ్ళు. అడిగిందానికే జవాబు చెప్పు. ఒకాయన కేకలేస్తాడు, ఇంకొకాయన "అమ్మా, నీ భవిష్యత్తు కోసమే చెబుతున్నా" అని మెత్తగా మాట్లాడతాడు. ఆ రెండో వేషం నాదే ఉండేది, అతనితోనే జాగ్రత్త. వాళ్ళు చెబుతుంటే రాసే క్షమాపణ పత్రం మీద అక్కడికక్కడే సంతకం పెట్టొద్దు. "ఇంటికి తీసుకెళ్ళి చదివి రేపు ఇస్తాను సార్" అను. ఖాళీ కాగితం మీద అసలే వద్దు. మినిట్స్‌లో నువ్వు అనని మాట కనబడితే, సంతకం కింద "ఈ మాట నేను అనలేదు" అని రాసి తేదీ వెయ్యి.

అయినా శిక్ష వేస్తే, యూజీసీ 2023 నిబంధనల ప్రకారం కాలేజీలో విద్యార్థుల ఫిర్యాదుల పరిష్కార కమిటీ ఉండాలి. 15 పనిదినాల్లో అది తేల్చాలి. అక్కడ తేలింది నచ్చకపోతే 15 రోజుల్లో విద్యార్థుల ఫిర్యాదులు వినే అంబుడ్స్‌పర్సన్ అనే అధికారికి అప్పీలు చేసుకోవచ్చు. సర్టిఫికెట్లు ఆపుతామని బెదిరిస్తే అది కూడా ఆ నిబంధనల కింద ఫిర్యాదే. మీ అమ్మ భయమంతా అక్కడే ఉంది, ఈ ఒక్క ముక్క ఆమెకు చదివి వినిపించు. ఇంకా పైకి వెళ్ళాల్సి వస్తే నెల్లూరు జిల్లా కోర్టులో న్యాయసేవాధికార సంస్థ ఉంది. ఆడవాళ్ళకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయర్ని ఇస్తారు, 1987 చట్టంలోనే ఉంది. అంతదాకా పోదని నా అంచనా. నిబంధన సంఖ్య అడిగిన పిల్ల మీద కమిటీలు సాధారణంగా పెన్ను మూసేస్తాయి.

మేము చదివే రోజుల్లో విద్యార్థి సంఘాలకు ఎన్నికలుండేవి. నెల్లూరు వి.ఆర్. కాలేజీలో విద్యార్థి నాయకుడిగా మొదలైన వెంకయ్యనాయుడు గారు ఉపరాష్ట్రపతి దాకా వెళ్ళారు. ఎన్నికలంటే గొడవలూ ఉండేవి, కాదనను. కానీ ట్యాంకులో పురుగుందని చెప్పడానికి ఒక మనిషి ఉండేవాడు. మన రాష్ట్రంలో ఆ ఎన్నికలు ఆగి మూడు దశాబ్దాలు దాటింది. ఇప్పుడు ఎవరి గోడు వాళ్ళు ఫోన్లో పెట్టుకోవలసిందే, నోటీసు కూడా ఎవరిది వాళ్ళకే వస్తుంది. వీలైతే సంజాయిషీతో పాటు నీ అంతస్తు పిల్లలందరి సంతకాలతో నీళ్ళ మీద వేరే అర్జీ ఒకటి ఇవ్వండి. ఒకరిని పిలవడం తేలిక, నలభై మందిని పిలవాలంటే కుర్చీలు చాలవు.

మీ అమ్మను కోప్పడకు. ఆమె మర్చిపోయింది కానీ, 1992లో సారా మీద తిరగబడ్డ దూబగుంట ఆడవాళ్ళ సంగతి విని మన ఊళ్ళో సారా కొట్టు ముందు కూర్చున్న వాళ్ళలో మీ అమ్మమ్మ ఉంది. చంకలో మీ అమ్మ కాదు, అప్పటికి పెద్దదే, పక్కన మజ్జిగ ముంత పట్టుకుని నిలబడింది. ఆ మరుసటి ఏడు రాష్ట్రమంతా సారా ఆగింది. సమయం చూసి ఆ మజ్జిగ ముంత గుర్తు చెయ్.

టంగుటూరి వారిలా ఎదురు నిలిచి గుండె చూపించమనడం లేదు నిన్ను. కాగితం చూపించమని వాళ్ళను అడగమంటున్నాను. సంజాయిషీ చిత్తుప్రతి రేపు రాత్రికి ఫొటో తీసి పంపు, తప్పులు దిద్ది ఎల్లుండి పొద్దున్నే పంపిస్తాను. ట్యాంకు నీళ్ళు ఒక శుభ్రమైన సీసాలో పట్టి, మూత బిగించి, తేదీ రాసి మీ నాన్నకిచ్చి వెంటనే పరీక్షకు పంపు.

అంతవరకూ ఆ నీళ్ళు కాచుకుని తాగు.

మీ మామ