4294967297 జోలికి వెళ్తున్న మా వాడికి

చి. సందీప్‌కు ఆశీస్సులు.

కాలేజీ సెమినార్‌లో 4294967297 గురించి మాట్లాడబోతున్నావని మీ నాన్న ఫోన్‌లో చెప్పాడు. మన ఇంట్లో లెక్కల పిచ్చి నాతోనే ఆగిపోలేదని సంతోషం వేసింది. స్లైడ్లు చూసి చదివేసి వచ్చేస్తావేమోనని వెంటనే టెన్షన్ కూడా పట్టుకుంది.

ముందు బోర్డు మీద 4,29,49,67,297 అని కామాలు పెట్టి రాసి గట్టిగా చదువు. 2ని 32 సార్లు వేసి గుణించి, 1 కలిపితే ఇది వస్తుందని చెప్పు. దీనికి ఒక్క నిమిషం చాలు.

మిగతా టైమంతా ఫెర్మా పొరపాటుకి ఇవ్వు. ఆయన ఫ్రాన్స్‌లో, తులూజ్‌లో న్యాయాధికారి, లెక్కల్లో మహా దిట్ట. 2కి 1, 2, 4, 8, 16 ఘాతాలు వేసి 1 కలిపితే 3, 5, 17, 257, 65537 వస్తాయి. ఐదూ ప్రధాన సంఖ్యలే. తర్వాతి ఘాతం 32. అదీ, ఆ పైవన్నీ కూడా ప్రధానాలేనని 1640 ప్రాంతంలో నమ్మేశాడు. 1732లో గణిత శాస్త్రవేత్త ఆయిలర్ వచ్చి, దీన్ని 641 నిశ్శేషంగా భాగిస్తుందన్నాడు. ఫెర్మాకి భాగహారం రాదా అని ఎవరైనా నవ్వితే నువ్వు నవ్వకు. దీని వర్గమూలం దాదాపు 65536, కారణాంకం ఉంటే ఆ లోపే ఒకటి ఉండాలి. గుడ్డిగా వెతకాలంటే ఆ లోపు ప్రధాన సంఖ్యలు 6542 ఉన్నాయి. కానీ దీని కారణాంకం ఏదైనా 64 గుణిజానికి 1 కలిపినట్టే ఉండాలని ఆయిలర్ తర్వాత నిరూపించాడు. అప్పుడు చూడాల్సినవి 193, 257, 449, 577, 641. ఐదోదే దొరికింది! అంతటి ఫెర్మాకి ఇది ఎందుకు తట్టలేదో నాకిప్పటికీ ఆశ్చర్యమే.

భాగహారం మాత్రం బోర్డు మీద చేత్తో చెయ్యి. 4294లో 641 ఆరుసార్లు, శేషం 448. 9 దించితే 4489, ఏడుసార్లు, శేషం 2. 6 దించితే 26, పోదు, సున్నా. 7 దించితే 267, అదీ పోదు, ఇంకో సున్నా. అందరూ ఇక్కడే ఒక సున్నా మింగేస్తారు. మీ నాన్న ఎనిమిదో తరగతి సెలవుల్లో వరండా గచ్చు మీద సుద్దముక్కతో చేసి, 670417 వచ్చిందని గెంతాడు. వాడు మళ్లీ మొదట్నుంచి చేసి 6700417 రాసేదాకా మీ నానమ్మ గచ్చు ఊడవనివ్వలేదు. అదీ ప్రధాన సంఖ్యేనని నేను చెబితే, "అయితే ఇంక భాగించక్కర్లేదుగా, అన్నానికి లేవండి" అంది.

ఇక ఈ సంఖ్యని పరీక్షించడానికి నువ్వు రాసే కంప్యూటర్ ప్రోగ్రాం సంగతి. ఒరేయ్, కంప్యూటర్ చెప్పిందని ఏదీ నమ్మకు. 32 బిట్లలో, అంటే 0 గానీ 1 గానీ పట్టే 32 గళ్లలో, ఇమిడే గరిష్ఠ సంఖ్య 4294967295. నీ సంఖ్యని అందులో పెడితే 1 అయి కూర్చుంటుంది. పైగా 2తో చేసే ఫెర్మా పరీక్షలో (2కి ఆ సంఖ్య కంటే ఒకటి తక్కువ ఘాతం వేసి, ఆ సంఖ్యతో భాగిస్తే శేషం 1 రావాలి) ఇది ప్రధాన సంఖ్యలా దర్జాగా పాసైపోతుంది. 3తో చేసి చూడు, దొరికిపోతుంది.

టైం మిగిలితే ఇంకొకటి. 65536 వర్గానికి 1 కలిపినా, 62264, 20449 వర్గాలు కలిపినా ఇదే వస్తుంది. ప్రధాన సంఖ్యని ఇలా రెండు రకాలుగా రాయలేం.

3, 5, 17 అంటూ సాగే ఈ వరుసలో ఇంకో ప్రధాన సంఖ్య ఉందా అని ఎవరో ఒకరు అడుగుతారు. 65537 తర్వాత ఒక్కటీ దొరకలేదు, లేదని ఎవరూ నిరూపించనూ లేదు. అంతవరకే చెప్పు. స్లైడ్లు ఆఖరి రోజు దాకా ఆగకుండా ఈ ఆదివారమే పంపు. రాత్రిళ్లు మేలుకోకు, నీకసలే తలనొప్పి.

పెదనాన్న