పత్రాలు లెక్కపెట్టే ముందు పేర్లు సరిచూడండి

ప్రశ్న: మా జర్నల్ పదేళ్ల సంచికల్లో ఎవరెంత రాశారో లెక్క తీయాలి. ఎక్కువ పత్రాల్లో పేరున్నవారే ముందున్నట్టా?

జవాబు: అది మీరు ఎలా లెక్కపెడతారన్న దాన్ని బట్టి ఉంటుంది. ఒకరు ముగ్గురేసి కలిసి రాసిన 6 పత్రాల్లో ఉన్నారు, ఇంకొకరు ఒంటరిగా 3 రాశారు అనుకోండి. పేరున్న ప్రతి పత్రానికీ ఒకటి వేస్తే 6, 3. పత్రాన్ని రచయితలందరికీ సమానంగా పంచితే 2, 3. వరుస తలకిందులైంది. రెండు లెక్కలూ పక్కపక్కన ఇవ్వమనే నా సలహా. ఒక్కటే ఇస్తే అది ఏ పద్ధతో పట్టిక పైనే రాయండి.

అసలు కష్టం పేర్ల దగ్గరే. స్ప్రెడ్‌షీట్‌లో ఒక్కో పత్రానికి ఒకటి కాదు, ఆ పత్రంలోని ఒక్కో రచయితకూ ఒక వరుస ఇవ్వండి. డీఓఐ (పత్రానికి ఉండే శాశ్వత గుర్తింపు సంఖ్య), సంవత్సరం, అచ్చయినట్టే పేరు, సంస్థ, ఆర్కిడ్ సంఖ్య (ORCID, ఒక్కో పరిశోధకుడికి ఉండే విడి గుర్తింపు సంఖ్య), ఆ పత్రంలో మొత్తం రచయితలెందరు అన్నవి గడులు. ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట వెనక, మరోచోట పొడి అక్షరాలుగా పడి ఒకే మనిషి ముగ్గురవుతారు. పొడి అక్షరాలు కలిసిన ఇద్దరు ఒక్కరైపోతారు. ఆర్కిడ్ మొదలైంది 2012లో. అది లేని పత్రాలకు సంస్థ, సహరచయితలు, విషయం ఈ మూడింటిలో కనీసం రెండు కలిస్తేనే ఇద్దరినీ ఒకరిగా చేయండి. అచ్చయిన పేరున్న గడిని మాత్రం చెరపకండి. సరిచేసిన పేరుకు వేరే గడి పెట్టండి. సంపాదకీయాలు, పుస్తక సమీక్షలు కలపాలో వద్దో కూడా ముందే తేల్చుకోండి.

చివర మీ లెక్కను, ఎన్ని పత్రాలు రాసినవారు ఎందరుంటారో చెప్పే లోట్కా సూత్రంతో పోల్చి చూడండి. 1926లో లోట్కా చెప్పిందిది: ఒకటే రాసినవారి సంఖ్యను n × nతో భాగిస్తే వచ్చినంత మంది, సుమారుగా, n పత్రాలు రాసినవారు ఉంటారు. ఒకే పత్రం రాసినవారు 300 మంది ఉంటే, రెండు రాసినవారు 75, మూడు రాసినవారు 33 దరిదాపుల్లో ఉండాలి. ఒక పత్రం వాళ్లు దీనికి మించి బాగా ఎక్కువగా తేలితే పేర్లు చీలిపోయాయేమో మళ్లీ వెతకండి. అయితే ఒక్క జర్నల్‌నే చూసినప్పుడు తేడా సహజంగానూ రావచ్చు, ఎందుకంటే అదే రచయిత మిగతా పత్రాలు వేరేచోట వేసి ఉంటారు. లోట్కా ఉమ్మడి పత్రాలను ప్రధాన రచయిత ఖాతాలోనే వేశారన్నదీ మరవద్దు.

ప్రశ్న: నా హెచ్-ఇండెక్స్ స్కోపస్‌లో 9, గూగుల్ స్కాలర్‌లో 14. ఏది సరైనది?

జవాబు: రెండూ వేర్వేరు డేటాబేసులు, దేనికదే సరైనది. 2005లో హిర్ష్ ప్రతిపాదించిన ఈ లెక్కలో పత్రాలను సైటేషన్ల (ఇతర రచనలు ఆ పత్రాన్ని ఉటంకించిన సార్లు) ప్రకారం పెద్ద నుంచి చిన్నకు పేరుస్తారు. వరుస సంఖ్యకు తగ్గకుండా సైటేషన్లున్న చివరి పత్రం సంఖ్యే ఇండెక్స్. 25, 12, 9, 6, 5, 3 అయితే ఐదో పత్రానికి 5 ఉన్నాయి, ఆరోదానికి 6 లేవు. కాబట్టి ఇండెక్స్ 5. గూగుల్ స్కాలర్ సిద్ధాంత గ్రంథాలు, ప్రీప్రింట్ల నుంచి వచ్చిన సైటేషన్లనూ పట్టుకుంటుంది, అందుకే పెరిగింది. అంకె పక్కన డేటాబేస్ పేరు, చూసిన తేదీ రాయండి.

ప్రశ్న: జర్నల్ ఇంపాక్ట్ ఫ్యాక్టర్‌ను రచయిత మార్కులుగా వేయవచ్చా?

జవాబు: వద్దు. అది జర్నల్ సగటు. 2022, 2023లలో 120 వ్యాసాలు వేసిన జర్నల్‌కు 2024లో వాటి మీద 180 సైటేషన్లు వస్తే 1.5. ఆ 180లో సగం రెండు మూడు వ్యాసాలవే కావచ్చు, మీ రచయితది సున్నా కావచ్చు.